మే నెలలోనూ నిశ్శబ్దంగా తిరిగే కంప్యూటర్ ఫ్యాన్ల కోసం

కంప్యూటరు ఫ్యాను కొనదలచినవారు సాధారణంగా ముందు చూసేది డెసిబెల్ అంకెను. నాక్టువా వారి ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 ఫ్యానుకు 22.6 డెసిబెల్లనీ, అదే కంపెనీ చౌక రకమైన ఎన్ఎఫ్-పీ12 రిడక్స్‌కు 25.1 డెసిబెల్లనీ వివరాల పట్టికలో ఉంటుంది. ఆర్కటిక్ పీ12 దగ్గరికి వచ్చేసరికి డెసిబెల్ అన్న మాటే లేకుండా 0.3 సోన్ అని ఉంటుంది. సోన్ అన్నది శబ్దం చెవికి ఎంత బిగ్గరగా తోస్తుందో చెప్పే వేరే కొలమానం కాబట్టి ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడానికే వీలు లేదు. పోల్చగలిగిన మొదటి రెండింటి విషయంలోనూ ఆ అంకెలు చెప్పేది మనకు కావలసిన సంగతి కాదు. ఎదురుగా ఏ అడ్డూ లేకుండా, బయటి చప్పుడు చొరబడని గదిలో, ఫ్యాను తన పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు వచ్చిన శబ్దం అది. మన ఇంట్లో అదే ఫ్యాను జాలీ వెనక, దుమ్ము పట్టిన ఫిల్టరు వెనక, చాలావరకు సగం వేగంతోనో అంతకన్నా తక్కువతోనో తిరుగుతుంది.

నేను రాత్రివేళల్లో ఇంట్లోనే మైకు పెట్టుకుని పాఠాలు రికార్డు చేస్తుంటాను. సీలింగ్ ఫ్యాను, ఏసీ రెండూ ఆపేశాక గదిలో మిగిలేది కంప్యూటరు చప్పుడొక్కటే కనుక ఫ్యాన్ల గురించి కొంచెం ఎక్కువగానే పట్టించుకోవలసి వచ్చింది. పట్టించుకున్న కొద్దీ నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: ఫ్యానును దాని పూర్తి వేగాన్ని బట్టి కాక, రోజూ మనం తిప్పబోయే వేగాన్ని బట్టి ఎంచుకోవాలి. నిమిషానికి 600 నుంచి 900 చుట్ల మధ్య అది ఎలా వినిపిస్తుందో, ఆ వేగంతోనే మన ఊరి ఎండాకాలాన్ని ఎంతవరకు తట్టుకోగలదో తేలితే తక్కిన వివరాలన్నీ దాని వెనకే నడుస్తాయి.

వేగానికి ఇంత ప్రాధాన్యం ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే అది తోసే గాలి కూడా సగమే అవుతుంది. చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్లు పడిపోతుంది. 10 డెసిబెల్లు తగ్గితే మన చెవికి చప్పుడు దాదాపు సగమైనట్లు అనిపిస్తుంది కాబట్టి, 15 తగ్గడమంటే మూడో వంతుకు చేరినట్లే. ఇటువంటిదే ఇంకొక ఫ్యాను పక్కన చేర్చితే పెరిగే చప్పుడు 3 డెసిబెల్లు మాత్రమే. అంటే ఒక ఫ్యాను పూర్తి వేగంతో తోసే గాలిని రెండు ఫ్యాన్లు సగం వేగంతో తోస్తే మొత్తం మీద సుమారు 12 డెసిబెల్లు మిగులుతుంది. ఎక్కువ ఫ్యాన్లు పెడితే చప్పుడు ఎక్కువవుతుందన్న భయం అన్నీ పూర్తి వేగంతో తిరిగినప్పుడే నిజమవుతుంది.

అసలు ఎంత గాలి కావాలన్న ప్రశ్న తరువాత వస్తుంది, దానికి కూడా ఊహతో పని లేదు. ఉదాహరణకు రైజెన్ 5 7600 ప్రాసెసరు గట్టిగా పనిచేసేటప్పుడు 88 వాట్ల వరకు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు 115 వాట్ల వరకు తీసుకుంటాయి. మదర్‌బోర్డు, డిస్కులు, కంప్యూటరుకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పెట్టెలో వృథా అయ్యేది కలిపి మరో 50 వాట్లు అనుకుంటే మొత్తం 250 వాట్ల వేడిని క్యాబినెట్ నుంచి బయటికి పంపాలి. లోపలికి వెళ్ళే గాలికన్నా బయటికి వచ్చే గాలి 10 డిగ్రీలు వేడెక్కడానికి మనం ఒప్పుకుంటే, గంటకు సుమారు 75 ఘనపు మీటర్ల గాలి సరిపోతుంది. ఫ్యాన్ల పెట్టెల మీద కనిపించే సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) లెక్కలో అది 44. ఈ అంకె చూసి మొదటిసారి నేను ఆశ్చర్యపోయాను. ఆరేడు ఫ్యాన్లు బిగించి, వాటన్నిటినీ గిరగిరా తిప్పే క్యాబినెట్లు ఇంతకు ఎన్నో రెట్ల గాలిని తోస్తున్నాయి, అందులో అధిక భాగం దేన్నీ చల్లబరచకుండానే బయటికి పోతోంది.

ఇదే లెక్కను ఫ్యాను వైపు నుంచి చూద్దాం. నాక్టువా వారి 140 మిల్లీమీటర్ల ఎన్ఎఫ్-ఏ14 ఫ్యాను 1500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర గంటకు 140 ఘనపు మీటర్ల గాలి తోస్తుందని కంపెనీ చెబుతుంది. 800 ఆర్‌పీఎంకు తగ్గిస్తే అది 75 అవుతుంది. జాలీ, ఫిల్టరు, లోపలి తీగలు కలిసి అందులో సగం మింగేస్తాయనుకున్నా, ముందు వైపు అటువంటివి రెండు పెడితే మనకు కావలసిన 75 సరిగ్గా వచ్చేస్తుంది. పూర్తి వేగంతో 24.6 డెసిబెల్లుగా ఉన్న దాని చప్పుడు 800 దగ్గర లెక్క ప్రకారం 11 చుట్టుపక్కలకు చేరుతుంది. అర్ధరాత్రి ఊరంతా సద్దుమణిగాక కూడా మామూలు పడకగదిలో 25, 30 డెసిబెల్లు ఉంటాయి కనుక అంత చిన్న శబ్దం మనిషి చెవికి ఆనదు.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. వేగం సగమైతే గాలి సగమే అవుతుంది కాని, ఆ గాలిని అడ్డంకుల గుండా నెట్టే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. వేగంగా తిరిగే ఫ్యాను మూసుకుపోయిన ముందు ప్యానెల్ గుండా కూడా ఎలాగో గాలిని లాగేస్తుంది, నెమ్మదిగా తిరిగే ఫ్యానుకు ఆ శక్తి ఉండదు. అందువల్ల నిశ్శబ్దం కోరుకునేవారు ఫ్యానుకన్నా ముందు క్యాబినెట్ ముఖం చూడాలి. ముందంతా గాజు పలక పెట్టి, పక్కల సన్నని సందులు వదిలిన క్యాబినెట్లు దుకాణంలో ఎంత అందంగా మెరిసినా, వాటిలో ఏ ఫ్యాను పెట్టినా అది ఊపిరాడక వేగం పెంచుకోక తప్పదు. లోపల నురుగు అట్టలు అంటించి చప్పుడును అణచివేస్తామని చెప్పే మూసివేత క్యాబినెట్ల విషయంలోనూ నా అభిప్రాయం ఇంచుమించు ఇదే. చల్లని దేశాల్లో అవి బాగానే పనిచేయవచ్చు. మన దగ్గర ముందు వైపు సన్నని ఇనుప జాలీతో బాగా తెరుచుకుని ఉన్న క్యాబినెట్టే మేలు, ఎందుకంటే దానిలో ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగినా పని జరిగిపోతుంది.

ఫ్యానుకు, జాలీకి మధ్య దూరాన్ని కూడా గమనించాలి. గాలిని లోపలికి లాగే వైపు రెక్కలకు మరీ దగ్గరగా కడ్డీలు గాని, చిల్లుల రేకు గాని ఉంటే గాలి ముక్కలు ముక్కలుగా వచ్చి రెక్కలను తాకుతుంది, అప్పుడు పుట్టేది మెత్తని హోరు కాకుండా స్పష్టమైన గుంయ్‌మనే స్వరం. అదే ఫ్యానును జాలీకి ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితే ఆ స్వరం చాలావరకు అణగిపోతుంది. పాత క్యాబినెట్లలో వెనక వైపు రేకులోనే చిల్లులు కొట్టి వదిలేసేవారు; వాటి కన్నా గుండ్రని తీగతో చేసిన జాలీ గాలికి చాలా తక్కువ అడ్డు వస్తుంది.

పరిమాణం విషయంలో నాకు సందేహమేమీ లేదు: 140 మిల్లీమీటర్లది పట్టే చోట 120 పెట్టకూడదు. ఆకృతి ఒకటే అయితే 140 ఫ్యాను 120 ఫ్యాను తోసినంత గాలిని దాదాపు 63 శాతం వేగంతోనే తోయగలదు, వ్యాసం పెరిగినందువల్ల వచ్చే అదనపు చప్పుడును కలుపుకున్నా చివరికి 5 డెసిబెల్ల లాభం మిగులుతుంది. చిక్కల్లా మన దగ్గర తక్కువ ధరలో దొరికే క్యాబినెట్లలో చాలావాటికి ముందు వైపు 120 రంధ్రాలే ఉండటం. కొనే ముందు క్యాబినెట్ వివరాల్లో ముందు, పైన, వెనక ఏ కొలత ఫ్యాన్లు పడతాయో చూసుకోవడం ఫ్యాన్ల గురించి చేసే పరిశోధన అంతటికన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. 200 మిల్లీమీటర్ల ఫ్యాన్లూ ఉన్నాయి గాని, వాటి ఒత్తిడి తక్కువ, చెడిపోతే మరొకటి దొరకడం కష్టం. 15 మిల్లీమీటర్ల మందం ఉండే సన్నని ఫ్యాన్ల జోలికి, చోటు లేక తప్పనిసరైతే తప్ప, వెళ్ళనవసరం లేదు.

ఫ్యాను వివరాల పట్టికలో గాలి పరిమాణం, ఒత్తిడి అని రెండు అంకెలు కనిపిస్తాయి. ఈ రెండూ ఒకే సమయంలో నిజం కావు. ఎదురు అడ్డు లేనే లేనప్పుడు వచ్చే గాలి మొదటిది. పూర్తిగా మూసేసినప్పుడు, అంటే గాలి అసలు కదలనప్పుడు, వచ్చే ఒత్తిడి రెండవది. మన ఫ్యాను ఎప్పుడూ ఈ రెంటి నడుమ ఎక్కడో పనిచేస్తుంది, ఆ నడిమి భాగంలో దాని నడత ఎలా ఉందో పట్టికలో ఉండదు. పైన చెప్పిన రెండు నాక్టువా ఫ్యాన్లనే తీసుకుంటే, చౌక రకం గంటకు 120 ఘనపు మీటర్లు తోస్తుందనీ, ఖరీదైనది 102 మాత్రమే తోస్తుందనీ ఉంటుంది. ఒత్తిడి కూడా చౌకదానికే ఎక్కువ. కాగితం మీద చౌకదే గెలిచినట్లు. కాని రెంటి చప్పుడు సమానమయ్యేలా వేగాలు సర్ది, ప్రాసెసరు వేడిని లాగే లోహపు రేకుల దిమ్మ, అంటే హీట్‌సింకు, మీద బిగించి పరీక్షించినప్పుడు ఖరీదైనదే ముందుంటుంది. దాని రెక్కల అంచుకూ చట్రానికీ మధ్య సందు అర మిల్లీమీటరే, ఆ సందులోంచి గాలి వెనక్కి జారిపోవడం తక్కువ. అంత సన్నని సందును ఏళ్ళ తరబడి నిలపాలంటే వేడికీ వేగానికీ సాగని ప్లాస్టిక్ కావాలి కాబట్టి ద్రవ స్ఫటిక పాలిమర్‌తో రెక్కలు చేశారు. 2018లో ఆ ఫ్యాను వచ్చినప్పుడు దాని ధరకు ఒక కారణం అదే. కాబట్టి సమీక్షలు చదివేటప్పుడు సమాన చప్పుడు దగ్గర పోల్చిన పరీక్షలనే నమ్మండి, సమాన వేగం దగ్గర పోల్చినవాటి వల్ల ప్రయోజనం తక్కువ.

హీట్‌సింకు మీద, నీటి కూలర్ రేడియేటరు మీద పెట్టే ఫ్యానుకు ఒత్తిడి ముఖ్యమనీ, క్యాబినెట్ ఫ్యాన్లకు గాలి పరిమాణం ముఖ్యమనీ ఒక మాట ప్రచారంలో ఉంది. అది కొంతవరకే నిజం. ముందు వైపు జాలీ వెనక దుమ్ము ఫిల్టరు కూడా ఉంటే అది కూడా రేడియేటరు లాంటి అడ్డే అవుతుంది. నేనైతే అడ్డు లేని వెనక స్థానంలో మాత్రమే రెండో రకం పెడతాను.

ఇప్పటిదాకా చప్పుడు ఎంత అన్నదాని గురించి చెప్పాను. చప్పుడు ఎటువంటిది అన్నది అంతకన్నా పెద్ద విషయం, దీని గురించి పట్టికల్లో ఒక్క ముక్క ఉండదు. గాలి హోరు ఎత్తుపల్లాలు లేకుండా సాగితే మెదడు దాన్ని కాసేపటికి మరిచిపోతుంది. ఒకే స్వరంలో మూలిగే ఫ్యానును అంతకన్నా తక్కువ డెసిబెల్లే అయినా మరవలేం. రెక్కల సంఖ్యను సెకనుకు తిరిగే చుట్లతో హెచ్చిస్తే ఆ స్వరం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది: తొమ్మిది రెక్కల ఫ్యాను 800 ఆర్‌పీఎం దగ్గర 120 హెర్ట్జ్ స్వరాన్ని పలుకుతుంది. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కు కంపనం కూడా సరిగ్గా 120 హెర్ట్జే కావడం ఒక తమాషా; క్యాబినెట్ రేకు పలుచనిదైతే రెండూ కలిసి దాన్ని మద్దెలలా మోగిస్తాయి. పైగా డెసిబెల్-ఏ కొలమానం ఇంత కింది స్వరాలను బాగా తగ్గించి లెక్కిస్తుంది, 125 హెర్ట్జ్ దగ్గర 16 డెసిబెల్ల మేరకు తగ్గిస్తుంది. మూలుగుడు ఎంత విసిగించినా మీటరు దాన్ని పెద్దగా పట్టించుకోకపోవడానికి ఇదే కారణం.

ఒక్కొక్క ఫ్యానుకు తనకు పడని వేగం ఒకటి ఉంటుంది. ఆర్కటిక్ పీ12నే తీసుకుంటే, ధరకు దానంత విలువైన ఫ్యాను మరొకటి దొరకడం కష్టమని ఇప్పటికీ అంటాను, కాని 1000 ఆర్‌పీఎం సమీపంలో అది కొంచెం మూలుగుతుందన్నది అందరికీ తెలిసిన సంగతే. దీనికి ఫ్యాను మార్చనక్కరలేదు. 850 దగ్గర ఆగేలా, అవసరమైతే అక్కడి నుంచి ఒక్కసారిగా 1150కి గెంతేలా అమర్చుకుంటే మధ్యలోని ఆ స్వరం వినే అవసరమే రాదు. కొత్త ఫ్యాను ఇంటికి తెచ్చిన రాత్రి, గదిలో అన్నీ ఆపేసి, వేగాన్ని యాభై చుట్ల చొప్పున పెంచుతూ చెవి పెట్టి వినడం నా అలవాటు. ఎక్కడ స్వరం మారుతుందో రాసి పెట్టుకుంటే తరువాతి అమరిక చాలా సులువవుతుంది. కంప్యూటరు దుకాణాలుండే సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కౌంటరు మీద ఫ్యానుకు కరెంటు ఇచ్చి చూపించమని అడిగితే చూపిస్తారు, కాని ఆ జనంలో, ఆ రొదలో 900 ఆర్‌పీఎం చప్పుడు ఎవరికీ వినిపించదు. వెనక్కి తీసుకునే షరతు ఉన్నచోట కొని ఇంట్లో వినడమే మార్గం.

రెండు ఒకేరకం ఫ్యాన్లు పక్కపక్కన తిరిగేటప్పుడు మరొక ఇబ్బంది ఎదురవుతుంది. ఏడు రెక్కలవి ఒకటి 1000తోనూ, ఇంకొకటి 1020తోనూ తిరుగుతున్నాయనుకోండి; వాటి స్వరాల మధ్య తేడా సెకనుకు రెండు చిల్లర, అంతే లయలో చప్పుడు ఉబ్బుతూ తగ్గుతూ ఊగుతుంది. ఈ ఊగిసలాట చెవికి ఎక్కడున్నా తెలిసిపోతుంది. ఒకదాన్ని మరొకదాని కన్నా బాగా తేడా వచ్చేలా, 60, 80 చుట్లు తక్కువగా తిప్పితే లయ మాయమవుతుంది. నాక్టువా ఈ మధ్య వేగంలో కొద్ది తేడా ఉండే రెండేసి ఫ్యాన్లను జతగా అమ్ముతున్నది కూడా ఇందుకోసమే. రెండు ఫ్యాన్లను ఒకే తీగకు కలిపేస్తే ఈ తేడా పెట్టుకునే అవకాశం పోతుంది కాబట్టి మదర్‌బోర్డు మీద హెడర్లు (ఫ్యాను తీగ తగిలించే పిన్నులు) ఉన్నంతవరకు దేనికి దాన్నే తగిలించండి.

బేరింగుల గురించి కంపెనీలు రకరకాల పేర్లు పెడతాయి గాని తెలుసుకోవలసింది కొంచెమే. మామూలు స్లీవ్ బేరింగు కొత్తలో నిశ్శబ్దంగానే ఉంటుంది, కాని వేడికి నూనె ఆరిపోతూ ఒకటి రెండు వేసవులు గడిచేసరికి గరగరమనడం మొదలుపెడుతుంది, పడుకోబెట్టి పై కప్పుకు బిగిస్తే ఇంకా తొందరగా అరుగుతుంది. బాల్ బేరింగు చాలాకాలం మన్నుతుంది, సర్వర్లలో అందుకే వాడతారు. నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని సన్నని గిలక చప్పుడు నిశ్శబ్దమైన గదిలో వినబడుతుంది. మన అవసరానికి ద్రవపు పొర మీద ఇరుసు తిరిగే ఫ్లూయిడ్ డైనమిక్ రకమే సరైనది. ఫ్యానును నిలబెట్టి, పడుకోబెట్టి, బోర్లించి మూడు తీరుల్లోనూ మోటారు దగ్గర చెవి పెట్టి వినండి. తీరు మార్చగానే టిక్‌టిక్ మొదలైతే ఆ ముక్క వెనక్కి ఇచ్చేయవలసిందే.

వేగాన్ని అదుపు చేయలేని ఫ్యాను ఎంత మంచిదైనా నిరుపయోగం. నాలుగు పిన్నులున్న పీడబ్ల్యూఎం ఫ్యానుకు 12 వోల్టులు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి, ఎంత వేగంతో తిరగాలన్నది నాలుగో తీగ మీద 25 కిలోహెర్ట్జ్ సంకేతంతో మదర్‌బోర్డు చెబుతుంది. మూడు పిన్నుల ఫ్యానుకు వోల్టేజీనే తగ్గించాలి. చాలా బోర్డులు ఆ పనీ చేస్తాయి, కంప్యూటరు మొదలయ్యేటప్పుడు తెరవగలిగే బయోస్ అమరికల్లో ఆ హెడరును డీసీ మోడ్‌కు మార్చితే చాలు. అసలు తంటా తక్కువ ధర క్యాబినెట్లతో ఉచితంగా వచ్చే రంగురంగుల ఫ్యాన్లతోనే. వాటికి ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా కరెంటు తీసుకునే పెద్ద మోలెక్స్ పిన్ను మాత్రమే ఉంటుంది, కంప్యూటరు ఆన్ చేసినప్పటి నుంచి ఆపేదాకా పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటాయి. ఉచితమని వాటిని ఉంచుకోవడం కంటె తీసేసి రెండు మంచివి పెట్టుకోవడం నయం. లైట్లు కావాలనుకునేవారికి లైట్లున్న మంచి ఫ్యాన్లూ దొరుకుతాయి, ధర ఎక్కువన్న మాటే గాని అందులో తప్పేమీ లేదు.

ఒక హెడరు నుంచి సాధారణంగా ఒక ఆంపియరు వరకు తీసుకోవచ్చు. ఇప్పటి ఫ్యాన్లు ఒక్కొక్కటి దానిలో నాలుగో వంతు కూడా తీసుకోకపోవడం వల్ల రెండు మూడింటిని చీలిక తీగతో కలిపినా బోర్డుకు ముప్పు ఉండదు.

ఇక వేగాన్ని ఉష్ణోగ్రతకు ముడిపెట్టే గీత దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఫ్యాను ఎంపికలో సగం పని ఇక్కడే ఉంది. బోర్డుతో వచ్చే గీత ప్రాసెసరు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కదిలినా ఫ్యానును కదిలిస్తుంది. ఇప్పటి ప్రాసెసర్లేమో బ్రౌజరు తెరిచినంత మాత్రానే రెప్పపాటులో 15 డిగ్రీలు ఎగబాకి మళ్ళీ దిగిపోతాయి. ఫలితంగా ఫ్యాను హోరుమని లేచి, తగ్గి, మళ్ళీ లేస్తుంది. స్థిరంగా 900 దగ్గర తిరిగే ఫ్యాను కన్నా 600, 1000 మధ్య అల్లల్లాడే ఫ్యానే ఎక్కువ వినిపిస్తుంది. బయోస్‌లో వేగం మార్చే ముందు ఆగవలసిన సమయం అమర్చే వీలుంటే దాన్ని వీలైనంత పెంచండి. విండోస్ వాడేవారికి ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది, గత కొన్ని సెకన్ల సగటును తీసుకుని వేగం నిర్ణయించడం, ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెంటిలో ఏది వేడిగా ఉంటే దాన్ని అనుసరించడం వంటివి అందులో కుదురుతాయి. లినక్స్‌లో ఎల్ఎం-సెన్సర్స్, ఫ్యాన్‌కంట్రోల్ అన్న పాత పనిముట్లే చాలు.

ఈ గీతను ఎప్పుడు గీయాలన్నది మన ప్రాంతం వారికి మాత్రమే ఎదురయ్యే ప్రశ్న. విదేశీ సమీక్షకులు 20, 22 డిగ్రీల గదుల్లో పరీక్షిస్తారు. విజయవాడలోనో, ఖమ్మంలోనో, హైదరాబాదులో పై అంతస్తు స్లాబు కిందనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 38 డిగ్రీలు ఉండటం వింతేమీ కాదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి భాగాలు కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలే పెరుగుతాయి కాబట్టి, సమీక్షలో 70 దగ్గర ఆగిన ప్రాసెసరు మన దగ్గర 86కు చేరుతుంది. సంక్రాంతి చలిలో చక్కగా కుదిరిన గీత ఎండలు ముదిరేసరికి చెదిరిపోతుంది, ఊరికే ఉన్నప్పటి ఉష్ణోగ్రతే గీతలో వేగం పెరగడం మొదలయ్యే మలుపును దాటేసి ఫ్యాన్లు అకారణంగా పరుగులు పెడతాయి. అందువల్ల గీతను ఎండాకాలపు మధ్యాహ్నమే గీయాలి. నేను 68 డిగ్రీల వరకు వేగాన్ని కదలనివ్వను, అక్కడి నుంచి 82 దాకా మెల్లగా పెంచుతాను, 90 దాటితే పూర్తి వేగం. రైజెన్ 7000 వరుస ప్రాసెసర్లలో చాలావరకు 95 డిగ్రీల దాకా తట్టుకునేలా చేసినవే కనుక 80 చూసి కంగారు పడనవసరం లేదు. మధ్యాహ్నం వేళ సీలింగ్ ఫ్యాను చప్పుడులో కంప్యూటరు 1100తో తిరిగినా ఎవరికీ తెలియదు, రాత్రి చల్లబడేసరికి అదే గీత మీద 700కు దిగివస్తుంది.

ఎండను ఎదుర్కోవడానికి ఫ్యాను వేగం పెంచడమొక్కటే దారి కాదని కూడా చెప్పాలి. బయోస్‌లో ప్రాసెసరు విద్యుత్తుకు పరిమితి పెట్టవచ్చు; 170 వాట్ల రైజెన్ 9 7950ఎక్స్‌ను 65 వాట్ల ఎకో మోడ్‌లో నడిపే వీలు దాని తయారీదారే ఇచ్చాడు, పనితనం తగ్గేది విద్యుత్తు తగ్గినంతగా ఉండదు. పుట్టని వేడిని తొలగించనవసరం లేదు కాబట్టి ఏ ఫ్యాను ఇవ్వలేని నిశ్శబ్దం దీనితో ఖర్చు లేకుండా దొరుకుతుంది.

దుమ్ము సంగతి రెండు మాటల్లో చెబుతాను. లోపలికి లాగే గాలి బయటికి తోసే గాలికన్నా కొంచెం ఎక్కువ ఉంటే క్యాబినెట్ సందుల్లోంచి కాకుండా ఫిల్టర్ల గుండానే గాలి వస్తుంది. పక్కన ఇల్లు కడుతుంటే ఫిల్టరు నెల తిరక్కుండానే పూడుకుపోతుంది, అది పూడితే నెమ్మదిగా తిరిగే ఫ్యాన్ల పని దాదాపు ఆగిపోతుంది. అయస్కాంతంతో అతుక్కుని చేతితో లాగితే వచ్చే ఫిల్టరున్న క్యాబినెట్ కొంటే కడగడానికి బద్ధకం వేయదు.

ఫ్యాన్లన్నీ సరిచేశాక కూడా చప్పుడు మిగిలితే అది ఎక్కడిదో తేల్చుకోవడానికి, బయోస్ తెరలో ఉండగా క్యాబినెట్ ఫ్యాన్లను ఒక్క నిమిషం ఆపి వినండి. ఊరికే ఉన్నప్పుడు ఆగిపోయే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు మన ఎండాకాలంలో కార్డు వేడి వాటిని మొదలుపెట్టే హద్దు దగ్గరే ఉండటంతో మాటిమాటికీ మొదలై ఆగుతుంటాయి. ఆ సదుపాయాన్ని తీసేసి ఎప్పుడూ 30 శాతంతో తిరగనివ్వడం మేలు. ఎక్కువ ఫ్రేములు గీసేటప్పుడు కార్డులోంచి వచ్చే కీచుమనే సన్నని శబ్దం అందులోని కాయిల్ (తీగచుట్ట)ది, దాన్ని ఏ ఫ్యానూ పోగొట్టలేదు, ఫ్రేములకు పరిమితి పెడితే తగ్గుతుంది. ఎస్ఎంపీఎస్‌ను చాలామంది లెక్కలోకే తీసుకోరు. 250 వాట్ల పనికి 80 శాతం సామర్థ్యమున్నది 62 వాట్లను తనలోనే వేడిగా మార్చుకుంటే, 90 శాతం ఉన్నది 28 మాత్రమే మార్చుకుంటుంది. దాని ఫ్యాను ఎంత వేగంతో తిరగాలో ఆ తేడాయే నిర్ణయిస్తుంది.

ప్రస్తుతం నా క్యాబినెట్‌లో ముందు వైపు రెండు 140 ఫ్యాన్లు, ప్రాసెసరు టవరు కూలరు మీద ఒక ఏ12ఎక్స్25, వెనక ఒక పీ12 ఉన్నాయి. ఖరీదైనది ఒక్కటే కొనగలిగితే కూలరు మీద పెట్టమని చెబుతాను, అడ్డు ఎక్కువ ఉన్నచోటే దాని ధరకు ఫలితం కనిపిస్తుంది; దాని ధరకు పీ12లు ఒకటికన్నా ఎక్కువే వస్తాయి కనుక అడ్డు లేని వెనక స్థానంలో ఖరీదైనది పెట్టడం డబ్బు దండగ. ముందువాటిని స్క్రూలకు బదులు రబ్బరు పిన్నులతో బిగించాను, 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కును తీసి హాల్లో రౌటరు పక్కన ఉన్న చిన్న పెట్టెలోకి మార్చాను. ముందు ఫ్యాన్లలో ఒకటి 720తో, రెండోది 790తో తిరుగుతాయి. ఈ వేగాలు నా క్యాబినెట్‌కు కుదిరినవి, మీ క్యాబినెట్ రేకు మందాన్ని బట్టి, జాలీని బట్టి మీవి వేరుగా రావచ్చు. యాభై చుట్ల చొప్పున పెంచుతూ వినే ఆ పరీక్షను ఫ్యాన్లన్నీ బిగించి పక్క తలుపు మూశాక మరోసారి చేయండి, ఎందుకంటే విడిగా పలకని స్వరం తలుపు మూశాక పలకడం మామూలే.